గంజాం తీరంలో మూడు రోజులు: ఎక్కడ తినాలి, ఎటు తిరగాలి? బరంపురం వాళ్ళు చెప్పండి

గాజువాక_స్విఫ్ట్:

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి చివర్లో ఒక శుక్రవారం తెల్లవారుజామున కారులో బయలుదేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరిపోవాలని ప్లాన్. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ బాబు, మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు, కానీ తారాతారిణి అమ్మవారిని చూడాలని ఎప్పట్నుంచో అడుగుతోంది. మా ఆవిడకి చేపలు, పీతలు ఉంటే చాలు. నాకు సముద్రం పక్కన సాయంత్రం ప్రశాంతంగా ఒక బీరు, మంచి రోడ్డు మీద డ్రైవింగు.

ఎవరిని అడిగినా "అంత దూరం వెళ్ళి పూరీ వెళ్ళకపోతే ఎలా" అంటున్నారు. పూరీ చూసేశాం, మళ్ళీ ఆ రష్‌లోకి వెళ్ళే ఓపిక లేదు. గోపాలపూర్, చిలికా, బరంపురం చుట్టుపక్కలే తిరగాలని ఉంది. ఎక్కడ దిగితే మంచిది? ఏ హోటల్లో తినాలి, పేర్లు చెప్పగలరా? భాషతో ఇబ్బంది ఉంటుందా? ఒడియా మాకు ఒక్క ముక్క రాదు.

గిరిరోడ్డు_బరంపురం:

పుట్టింది పెరిగింది ఇక్కడే కాబట్టి చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదట భాష సంగతి. బరంపురంలో తెలుగుతో బతికేయొచ్చండీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, రాష్ట్రపతి వి.వి.గిరి గారు పుట్టిన ఊరు కూడా. గేట్ బజారులో, పెద్దబజారులో, పాత బస్టాండు దగ్గర షాపువాడితో తెలుగులో మొదలుపెట్టండి, తొంభై శాతం తెలుగులోనే జవాబొస్తుంది. గోపాలపూర్ ఒడ్డున పడవలవాళ్ళయితే ఇంట్లో మాట్లాడుకునేదే తెలుగు. రంభ దాటాక మాత్రం హిందీ కావాలి.

హోటల్ పేర్లు అడిగారు. పేర్లు చెప్పను, ఎందుకంటే ఈ జిల్లాలో తిండికి పేరు కంటే టైము ముఖ్యం. ఎంత మంచి చోటైనా టైము తప్పి వెళ్తే చల్లారిందే తింటారు, మామూలు బండి దగ్గరైనా సరైన టైముకి వెళ్తే ఇంటికెళ్ళాక కూడా చెప్పుకుంటారు. బయటి నుంచి వచ్చేవాళ్ళు తొమ్మిదిన్నరకి లేచి, స్నానాలు చేసి, పదిన్నరకి టిఫిన్‌కి దిగి "బరంపురంలో ఏమీ లేదు" అంటారు. పదిన్నరకి నిజంగానే ఏమీ ఉండదు.

పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఊళ్ళో టిఫిన్ బండ్లు, చిన్న హోటళ్ళు. ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా అన్నీ మనవే, కానీ వాటి మీద పోసేది ఘుగుని, ఎండు బఠాణీల కూర. ఉప్మా మీద ఘుగుని పోస్తుంటే మొదట మీ అమ్మగారు ముఖం అదోలా పెడతారు, రెండో ముద్దకి ఇంకొంచెం వెయ్యమంటారు. ఇడ్లీకి కూడా చట్నీతో పాటు ఘుగుని ఇస్తారు. ఎక్కడ తినాలంటే, ఎక్కడ స్కూలు పిల్లల టిఫిన్ డబ్బాలు, స్టీలు క్యారేజీలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారో అక్కడ. ఇంటికి పార్శిల్ పట్టుకెళ్ళే చోట వంట బాగుంటుంది, ఈ ఒక్క లెక్క నాకు ఎప్పుడూ పని చేస్తుంది.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు లోపు అన్నం. ఒడియా భోజనం హోటల్లో అన్నం, దాల్మా, ఒక ఆకుకూర వేపుడు, టమాటా ఖట్టా అనే తీపిపులుపు పచ్చడి, అడిగితే చేప. దాల్మా అంటే కందిపప్పులో కూరగాయ ముక్కలు వేసి జీలకర్ర, ఎండుమిర్చి వేయించి పొడి చేసి చల్లుతారు, సాంబారు ఊహించుకుని తింటే నిరాశ పడతారు, దాన్ని దానిలాగే తినండి. చేప రెండు రకాలుగా వస్తుంది, మామూలు పులుసు ఒకటి, ఆవపిండితో చేసే బెసర ఒకటి. బెసర అడగండి. ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంది, బాబుకి వద్దు.

సాయంత్రం నాలుగు దాటాక లస్సీ. పెద్ద గ్లాసులో చిక్కటి పెరుగు, పైన కొబ్బరికోరు, రబ్డీ. అది తాగాక రాత్రి భోజనం అక్కర్లేదు, నేను సీరియస్‌గానే చెప్తున్నాను. గప్‌చుప్ బండ్లు, అంటే పానీపూరీ బండ్లు, కూడా అప్పుడే వస్తాయి.

ఇంకో సంగతి. ఇక్కడ చాలా ఇళ్ళలో సోమవారం, గురువారం నీచు ముట్టరు, ఆ రోజుల్లో చిన్న హోటళ్ళలో చేపలూ మాంసమూ తక్కువ. మీరు శుక్రవారం వస్తున్నారు కాబట్టి మీ ఆవిడ అదృష్టం.

ఎక్కడ దిగాలి అంటే, మొదటి రాత్రి గోపాలపూర్, రెండో రాత్రి రంభ. బరంపురంలో ఎందుకు వద్దంటే ఊరు ఇరుకు, కారు పెట్టుకోవడం పెద్ద తలనొప్పి, గేట్ బజారు దగ్గర సాయంత్రం ఇరుక్కుంటే అరగంట ఇంజన్ ఆపేసుకోవాల్సిందే. పొద్దున్నే వచ్చి టిఫిన్ తిని వెళ్ళిపోండి. గోపాలపూర్ ఇక్కడికి పదహారు కిలోమీటర్లే.

గోపాలపూర్‌లో పొద్దున్న పడవలు ఒడ్డుకొచ్చే టైముకి ఇసుకలోనే బేరాలు. కోనాం, చందువాలు, కానాగంతలు, నెత్తళ్ళు, ఆ రోజు వలలో ఏది పడితే అది. చిన్న లాడ్జిలవాళ్ళు కొందరు మీరు కొన్న చేప వండి పెడతారు, గది తీసుకునే ముందే అడగండి. సాయంత్రం ఒడ్డున వేపుడు బండ్లు వరసగా ఉంటాయి. అక్కడ రెండు జాగ్రత్తలు. పళ్ళెంలో పేర్చిన మసాలా రాసిన చేపలు కాకుండా పచ్చివి చూపించమని అడిగి వేయించుకోండి, ధర వేయించక ముందే తేల్చుకోండి. నూనె నల్లగా ఉంటే పక్క బండికి వెళ్ళండి, మొహమాటం వద్దు.

నీళ్ళలోకి మాత్రం మోకాలి లోతు దాటి వెళ్ళొద్దు, బాబుని అస్సలు వదలొద్దు. పైకి మామూలుగా కనపడుతుంది గానీ లోపల లాగుడు ఎక్కువ, ఒడ్డు ఒక్కసారిగా దిగిపోతుంది. లైట్‌హౌస్ సాయంత్రం కాసేపే తెరుస్తారు, బాబుని తీసుకుని మీరెక్కండి, అమ్మగారు కింద కూర్చుంటారు. ఒడ్డున పాత రేవు స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి చూడండి, మన తాతల తరం కూలిపనికి రంగూన్ ఓడలెక్కింది అక్కడి నుంచే.

ఢిల్లీ_రిటర్న్:

గోపాలపూర్‌కి ఒక రాత్రి దండగ బ్రదర్. మురికి, వేపుడు వాసన, సెల్ఫీలు. నేరుగా చిలికా వెళ్ళిపోండి, బార్కుల్‌లో ఉండండి, డాల్ఫిన్లు చూడొచ్చు.

గిరిరోడ్డు_బరంపురం:

ఆదివారం సాయంత్రం వస్తే మీరన్నది నిజమే, బరంపురం సగం ఊరు అక్కడే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం, శనివారం పొద్దున్న వేరు. ఇక డాల్ఫిన్ల సంగతి, ఇరావడీ డాల్ఫిన్లు బాగా కనిపించేది సాతపడా వైపు, అది పూరీ జిల్లా, సరస్సు సముద్రంలో కలిసే మూతి దగ్గర. బార్కుల్‌లోనో రంభలోనో పడవవాడు డాల్ఫిన్ చూపిస్తానని రేటు పెంచితే నవ్వేసి పక్క పడవ మాట్లాడుకోవడమే.

బార్కుల్ పెద్ద జెట్టీ, కాళీజాయి గుడి ఉన్న ద్వీపానికి వెళ్ళే జనమంతా అక్కడే. మన గంజాం వైపు రంభ ప్రశాంతం. ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంది, పడవలూ అక్కడి నుంచే. నీళ్ళ మధ్య బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అని ఖల్లికోట రాజావారి పాత బంగళా శిథిలం, ఇంకో రాతి గుట్ట మీద కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిన స్తంభం ఉంటాయి. పొద్దున్న ఏడుకల్లా పడవెక్కితే గాలి ఉండదు, పక్షులుంటాయి. వలస పక్షులు ఫిబ్రవరి చివరికి వెనక్కి మళ్ళడం మొదలుపెడతాయి, అయినా కొన్ని మిగిలి ఉంటాయి. పది దాటితే గాలి లేచి అమ్మగారు భయపడతారు. లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎవరూ ఎక్కొద్దు.

పీతలు తినాల్సింది ఇక్కడే, గోపాలపూర్‌లో కాదు. చిలికా పీత, చిలికా రొయ్య ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసిన చోట పెరిగినవి, తీపి రుచి వేరే. బరువు చూసి తీసుకోండి, సైజు చూసి కాదు. చేతిలో పట్టుకుంటే బరువు తెలియాలి, గుల్లగా ఉంటే లోపల కండ ఉండదు. పెద్ద పీతల్లో మంచివి ఎగుమతికి పోతాయి, కాబట్టి మధ్యరకం అడగండి, రుచిలో తేడా లేదు.

ఉద్దానం_పనస:

ఇచ్ఛాపురం నుంచి. అన్న చెప్పింది బాగుంది గానీ సరిహద్దు సంగతి ఎవరూ చెప్పలేదు, అది నేను చెప్తాను.

గాజువాక నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే నల్లేరు మీద బండి నడక, ఆగుతూ వచ్చినా ఐదు గంటల్లో బరంపురంలో ఉంటారు. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి. బెల్లుపడ టోల్‌గేట్ దాటితే ఇచ్ఛాపురం, బాహుదా నది, ఇంకాస్త ముందుకెళ్తే ఒడిశా. పెట్రోలు సరిహద్దు దాటాక పోయించుకోండి, ఆంధ్రాలో కంటే అక్కడ తక్కువ. మా ఊరి బళ్ళన్నీ అక్కడికే పోతాయి.

బీరు అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఒడిశాలో తాగేది ఒడిశాలోనే తాగేసి రండి, తిరుగు ప్రయాణంలో ఒక్క సీసా కూడా డిక్కీలో పెట్టొద్దు. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర ఎక్సైజు వాళ్ళు బండి ఆపి వెతుకుతారు, ఫ్యామిలీతో ఉన్నా వదలరు. రెండు సీసాల కోసం కారు స్టేషన్‌లో పెట్టిన వాళ్ళున్నారు మా ఎరికలో. తాగి స్టీరింగ్ పట్టుకోవడం అసలే వద్దు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పది వేలదాకా జరిమానా లేదా జైలు. బీచ్‌లో కూర్చుని తాగడమూ కుదరదు, పోలీసులు తిరుగుతారు. బార్ ఉన్న హోటల్లోనే గది తీసుకుని అక్కడే తాగి అక్కడే పడుకోండి, అంతకంటే సుఖం లేదు.

అసలు ఫిబ్రవరిలో మా వైపు వచ్చి బీరు తాగడం ఏంటి? పొద్దున్నే చెట్టు కింద తాటికల్లు దొరికే రోజులవి. ఎండ ఎక్కక ముందే తాగాలి, తొమ్మిది దాటితే పులిసి తల పట్టేస్తుంది. డ్రైవింగ్ ఉన్న రోజు కల్లు కూడా వద్దు, అదీ మందే.

వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు ఉద్దానం లోపలి రోడ్డు పట్టుకోండి. ఇచ్ఛాపురం నుంచి కవిటి మీదుగా సోంపేట, బారువ. రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస పక్కనే తీరం దాటినప్పుడు ఈ తోటలు పడుకుండిపోయాయి, ఇప్పుడు నిలబడ్డ లేత చెట్లన్నీ ఆ తర్వాత పెట్టినవే. బొండాలు రోడ్డు మీదే కొట్టిస్తారు. బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది, బీచ్ గోపాలపూర్ కంటే ఖాళీగా ఉంటుంది, కాకపోతే తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, కడుపు నింపుకునే వెళ్ళండి. తర్వాత మందస వెళ్ళి కోవా కొనుక్కుని, కాశీబుగ్గలో జీడిపప్పు తీసుకుని హైవే ఎక్కేయండి. జీడిపప్పు గుండు, బద్ద, ముక్క అని రకాలుంటాయి, పాయసానికీ కూరకీ బద్ద చాలు, గుండుకి డబ్బులు పోయడం ఎందుకు.

లోపలి రోడ్లో చీకటి పడ్డాక మాత్రం వద్దు. గేదెలు, లైట్లు లేని సైకిళ్ళు, మలుపులో ఆపిన కొబ్బరి లారీలు. ఐదున్నరకల్లా హైవే మీద ఉండేలా చూసుకోండి.

గాజువాక_స్విఫ్ట్:

అందరికీ పెద్ద థాంక్స్. సీసాల సంగతి చెప్పి బతికించారు, నిజంగా రెండు తెచ్చుకుందామనే అనుకున్నాను. రెండు డౌట్లు. ఒకటి, తారాతారిణికి మెట్లు ఎక్కకుండా వెళ్ళొచ్చా? రెండు, మా బాబు స్కూల్లో తాబేళ్ళ గురించి విని అవి గుడ్లు పెట్టేది చూడాలంటున్నాడు. ఫిబ్రవరి చివర్లో చూడగలమా?

ఛత్రపురం_క్వార్టర్స్:

తాబేళ్ళది నేను చెప్తాను, మేముండేది ఆ దగ్గర్లోనే.

ఋషికుల్య సముద్రంలో కలిసే చోట, పురుణబంధ, గోఖరకుడా, పోడంపేట ఊళ్ళ ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. మామూలుగా ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఎప్పుడైనా రావచ్చు. 2025 ఫిబ్రవరిలో అయితే వారం పదిరోజుల్లో ఆరున్నర లక్షలు దాటి వచ్చాయి. కానీ మీరు బుక్ చేసుకున్న శనివారమే వస్తాయని ఎవరూ చెప్పలేరు. గాలి దిశ, ఒడ్డు కోత, నది మూతి ఎటు జరిగింది, ఇవన్నీ చూసుకుని వస్తాయి, ఒక్కో ఏడాది గుంపుగా రానే రావు. కాబట్టి బాబుకి ముందే మాట ఇవ్వొద్దు. వచ్చే ముందు రోజు గోపాలపూర్‌లో పడవలవాళ్ళని అడగండి, వాళ్ళకి ఫారెస్టు వాళ్ళకంటే ముందే తెలుస్తుంది.

వెళ్తే గనక టార్చి, సెల్‌ఫోన్ లైటు, ఫ్లాష్ ఏవీ వద్దు. లైటు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. ఫారెస్టు వాళ్ళు కట్టిన వల దాటకూడదు, ముట్టుకోకూడదు, కారు ఊళ్ళోనే ఆపి నడిచి వెళ్ళాలి. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది తాబేలు వీపు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఫోటో తీసే జనం. చట్టప్రకారం పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది, ఆ మాట చెప్తే కొట్టడానికి వస్తారు.

ఇక్కడే తిండికి సంబంధించింది కూడా ఒకటుంది. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ నది మూతి ఎదురుగా సముద్రంలో ఇరవై కిలోమీటర్ల దాకా తాబేళ్ళ కోసం మరబోట్ల వేట నిషేధం. దానికి తోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరం మొత్తానికి మరబోట్ల నిషేధం ఎలాగూ ఉంది. కాబట్టి ఫిబ్రవరిలో ఛత్రపురం వైపు పెద్ద చేపలు "ఇప్పుడే పట్టినవి" అని అమ్మితే నమ్మక్కర్లేదు, ఐసు పెట్టెలో ఎక్కడినుంచో వచ్చినవి అయ్యుంటాయి. మొప్పలు ఎత్తి చూడండి.

గోపాలపూర్ నుంచి ఛత్రపురానికి బరంపురం తిరిగి రాకుండా ఆర్యపల్లి మీదుగా తీరం వెంట రావచ్చు. పోర్టు లారీలు తిరుగుతుంటాయి, పొద్దున్నే అయితే ఫర్వాలేదు. ఆర్యపల్లి బీచ్ చెత్త లేకుండా ఉంటుంది, చుట్టూ సర్వి తోపులు. ఈ పక్కంతా గట్ల మీద మొగలి పొదలు. అత్తరు, మిఠాయిల్లో వేసే మొగలి నీళ్ళు తయారయ్యేది ఈ పువ్వుతోనే, గంజాం మొగలికి జీఐ గుర్తింపు కూడా ఉంది. పువ్వు బాగా వచ్చేది వానాకాలంలో, మీరొచ్చేటప్పటికి ముళ్ళే ఉంటాయి. ఛత్రపురం దాటే ముందు తంపరా చెరువు దగ్గర ఆగండి, మంచినీళ్ళ సరస్సు, నడవలేని అమ్మగారికి కూర్చోవడానికి బాగుంటుంది. ఇంకొంచెం ముందు గంజాం ఊరి దగ్గర పోటగడ, 1768లో ఇంగ్లీషువాళ్ళు మొదలుపెట్టిన కోట, నక్షత్రం ఆకారం. గోడలు, పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు, టైముంటేనే.

కోర్టుపేట_కోడలు:

మాది గుంటూరు, పెళ్ళయి బరంపురం వచ్చాను. తారాతారిణి గురించి నేను చెప్తానండీ, మా అత్తగారిని తీసుకెళ్తుంటాను కాబట్టి.

మెట్లు 999 అంటారు, మీరు ఎక్కక్కర్లేదు. కొండ మీదికి కారు వెళ్ళే రోడ్డు ఉంది, రోప్‌వే కూడా ఉంది, ఆ రోజు నడుస్తోందో లేదో కింద అడిగి టికెట్టు తీసుకోండి. కారులో వెళ్తే పై దాకా వెళ్ళాక కొద్దిపాటి నడకే. చైత్రమాసం మంగళవారాల్లో జాతర, పుట్టువెంట్రుకలు తీయించడానికి లక్షల్లో వస్తారు, అప్పుడు మాత్రం దగ్గరికి కూడా రావద్దు. మీ రోజుల్లో ఫర్వాలేదు. పొద్దున్న ఎనిమిదిలోపు వెళ్తే దర్శనం తొందరగా అయిపోతుంది, కింద ఋషికుల్య మలుపు తిరిగేది కొండ మీంచి కనపడుతుంది. అక్కడికి దగ్గర్లోనే పురుషోత్తమపూర్ పక్కన జౌగడ, అశోకుడి శాసనం చెక్కిన బండ. బాబు సోషల్ పుస్తకంలో కళింగ యుద్ధం చదివే వయసొస్తోంది కదా, పావుగంట ఆగితే చాలు.

కొండ దిగాక బాగా ఆకలేస్తుంది, అక్కడ రోడ్డు మీద వేడి వడలు, ఘుగుని, మరమరాల మిక్చరు ఉంటాయి. భోజనానికి మాత్రం రంభ దాకా ఓర్చుకోండి.

బరంపురంలో ఏం కొనుక్కోవాలో ఎవరూ చెప్పలేదు, మగవాళ్ళు కదా. అప్పడాలు, ఊరగాయలు, వడియాలు. ఇక్కడ ఆడవాళ్ళు ఇళ్ళలో చేసి అమ్మేవి ఊరంతా దొరుకుతాయి, షాపులో రుచి చూపించమని అడగండి, చూపిస్తారు. ఆవకాయ విషయంలో నేను గుంటూరు దాన్ని కాబట్టి ఒప్పుకోను, కానీ ఇక్కడి తీపి మామిడి పచ్చడీ, మినప వడియాలూ మా పుట్టింటికి ప్రతిసారీ పట్టుకెళ్తాను. ఇక పట్టుచీరలు, బరంపురం పట్టుకి గుళ్ళ గోపురంలా అంచు మీద మెట్లు మెట్లుగా నేత ఉంటుంది. అమ్మగారికి ఒకటి తీసుకోండి. నేతపని వాళ్ళ వీధుల్లో అడిగి కొంటే షోరూం కంటే నయం, కానీ అసలు పట్టే అని తెలిపే సిల్క్ మార్క్ ముద్ర చూసుకోండి.

ఆడవాళ్ళకి అవసరమైన మాట ఒకటి. దారిలో బాత్రూమ్ కావాలంటే ధాబాల కంటే హైవే మీద పెద్ద పెట్రోలు బంకులే నయం. రంభ నుంచి పడవెక్కే ముందు అక్కడి పాంథనివాస్‌లో పని చూసుకోండి, ద్వీపాల మీద ఏమీ ఉండదు. అమ్మగారికి చలికోటు ఒకటి పెట్టండి, ఫిబ్రవరిలో చిలికా గాలికి పొద్దున్నే వణుకొస్తుంది.

తాటి ముంజలు, చద్దన్నం మీ టైముకి రావు. ఎండలు ముదిరాక వస్తే పఖాళ పెట్టి పంపిస్తారు ఎక్కడికెళ్ళినా, పులిసిన అన్నం నీళ్ళు, పక్కన వేయించిన ఎండుచేప, వడియాల పొడి, పచ్చి ఉల్లిపాయ. అది తిన్నాక డ్రైవింగ్ చేయడం కష్టం, నిద్రొచ్చేస్తుంది. కార్తీక పౌర్ణమి మర్నాడు కూడా రావద్దు, ఇక్కడ కార్తీకం పౌర్ణమితోనే అయిపోతుంది, నెలంతా మానేసిన వాళ్ళంతా ఆ రోజు చేపలకీ మాంసానికీ బజారు మీద పడతారు, ఛడఖాయి అంటారు, పీత ధర అడగలేరు.

గాజువాక_స్విఫ్ట్:

ఇది మామూలు లిస్టు కాదండీ. ఇప్పుడు ప్లాన్ ఇలా మార్చాను, తప్పయితే చెప్పండి. శుక్రవారం తెల్లవారుజాము మూడింటికి బయలుదేరి ఎనిమిదికి బరంపురంలో ఘుగుని, మధ్యాహ్నం గోపాలపూర్, రాత్రి అక్కడే. శనివారం పొద్దున్న పడవల దగ్గర, తర్వాత తారాతారిణి, జౌగడ, సాయంత్రానికి రంభ. ఆదివారం పొద్దున్న చిలికా పడవ, పీతలు, తర్వాత తిరుగు ప్రయాణంలో ఉద్దానం. తప్తపాని, చంద్రగిరి కూడా పెట్టొచ్చా?

గిరిరోడ్డు_బరంపురం:

శనివారం అటూ ఇటూ అయిపోయింది. పడవల దగ్గర ఎనిమిది దాకా ఉంటే తారాతారిణికి ఎండ వేళకి వెళ్తారు, అమ్మగారు అలిసిపోతారు. చేపల బేరం చూడటం శనివారం ఆరింటికి మొదలుపెట్టి ఏడింటికి ముగించండి, కొనొద్దు, చూడండి చాలు. టిఫిన్ బరంపురంలోనే, మళ్ళీ ఘుగుని. అక్కడి నుంచి తారాతారిణి ముప్పై కిలోమీటర్లు.

జౌగడ నుంచి రంభ వెళ్ళేటప్పుడు లోపలి రోడ్లు చూపిస్తే మ్యాప్‌ని నమ్మకండి, గంజాం దగ్గర హైవే ఎక్కేయండి. హుమ్మా దగ్గర రోడ్డు పక్కనే ఉప్పు మళ్ళు కనపడతాయి, బాబుకి చూపించండి, ఆ ఎండలో తెల్లగా కళ్ళు చెదురుతాయి.

తప్తపాని, చంద్రగిరి ఈసారి వద్దు. తప్తపాని బరంపురం నుంచి పడమరగా యాభై కిలోమీటర్లు, వేడినీళ్ళ బుగ్గ మోకాళ్ళకి మంచిదని జనం నమ్ముతారు, ఘాట్ రోడ్డు డ్రైవింగ్‌కి మీకు నచ్చుతుంది. అది దాటి వెళ్తే చంద్రగిరి టిబెటన్ల ఊరు, జిరంగ్‌లో పెద్ద బౌద్ధ మఠం, థుక్పా, మోమో. కానీ అది తీరం కాదు, కొండ, దానికి విడిగా రెండు రోజులు పెట్టుకుని రండి. దీంట్లో ఇరికిస్తే అన్నీ కారు అద్దంలోంచే చూస్తారు.

ఉద్దానం_పనస:

మూడింటికి బయలుదేరేది నువ్వు, నిద్ర లేకుండా ఐదు గంటలు నడిపేదీ నువ్వే. పలాస దగ్గర ఒకసారి ఆగి టీ తాగి ముఖం కడుక్కో అన్నా. తెల్లవారుజామున సోంపేట దాటాక ఒక్కోసారి మంచు దిగుతుంది, ముందు లారీ వెనక లైటు కూడా కనపడదు, అప్పుడు పోటీ పడి ఓవర్‌టేక్ వద్దు.

ఆదివారం పీతలు తిని రంభలో పన్నెండింటికి బయలుదేరకపోతే ఉద్దానం రోడ్డు ఆశ వదిలేసి హైవే మీదే వెళ్ళిపోండి. బొండాలు హైవే మీదా దొరుకుతాయి.

కోర్టుపేట_కోడలు:

పీతలకి ఆర్డరు పడవెక్కే ముందే ఇచ్చి వెళ్ళండి. తిరిగొచ్చాక ఇస్తే వండేసరికి గంటన్నర, ఉద్దానం అన్నగారి పన్నెండు అక్కడే దాటిపోతుంది. కారం తక్కువ వేయమని చెప్పాల్సిన పని లేదు, ఇక్కడి వాళ్ళు ఎలాగూ తక్కువే వేస్తారు, మీరే పచ్చిమిర్చి అడిగి తెప్పించుకోండి.